గేమ్ ఆర్ట్ ఫస్టియర్: ఒక నులక మంచం లెక్క

గేమ్ ఆర్ట్ డిగ్రీలో మొదటి త్రీడీ అసైన్‌మెంట్ చాలా చోట్ల ఒకటే: చెక్కపెట్టె. ఆరు ముఖాలు, నాలుగు మేకులు, పైన కాస్త దుమ్ము. ఏడాది చివర వరసగా పెట్టి చూస్తే అందరి పెట్టెలూ ఒకే గోడౌన్‌లోంచి దింపినట్టుంటాయి. పెట్టె మంచి పాఠమే, కాదనను. కాకపోతే అది తప్పుల్ని దాచేస్తుంది. అందులో గుండ్రటి భాగం లేదు, కన్నాలు లేవు, ఒకదాని మీదుగా ఇంకోటి పోయే తాళ్లు లేవు. అందుకే ఫస్టియర్‌లో ఏం వంటబట్టాలో, ఎక్కడ దెబ్బ తింటారో చెప్పడానికి ఇక్కడ నులక మంచాన్ని పట్టుకుంటున్నాను. నాలుగు కోళ్లు (మంచం కాళ్లు), నాలుగు పట్టెలు (చట్రం కర్రలు), మధ్యలో అల్లిక. చూడ్డానికి సులువు. చేస్తే ఏడాది సిలబస్ మొత్తం అందులోనే ఉంది.

బ్లెండర్ వచ్చా, మాయా వచ్చా అని త్రీడీ సాఫ్ట్‌వేర్ల గురించే అందరూ అడుగుతారు. ఈ చదువులో మొదటి ఏడాది అసలు అబ్బాల్సింది లెక్క. సెంటీమీటర్లు, పిక్సెళ్లు, ట్రయాంగిల్స్ (త్రీడీ ఆకారాన్ని కట్టే చిన్న త్రిభుజాలు), మెగాబైట్లు, మిల్లీసెకన్లు. గేమ్ సెకనుకు 60 ఫ్రేములతో నడవాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది 16.6 మిల్లీసెకన్లు, 30 ఫ్రేములైతే 33.3. పాత్ర కదలిక, నీడలు, పొగ, శత్రువు తెలివి అన్నీ ఆ కాస్త సమయంలోనే పంచుకోవాలి. మీ మంచానికి వచ్చే వాటా ఎంతో తెలియకుండా అందంగా చేసినా అది గేమ్‌లోకి రాదు.

కొలత టేపుతో మొదలు

మామూలు నులక మంచం సుమారు 180 సెంటీమీటర్ల పొడవు, 90 వెడల్పు, 45 ఎత్తు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఈ మూడు అంకెలు కాగితం మీద ఉండాలి. గేమ్‌ని నడిపే ఇంజన్లలో అన్‌రియల్‌లో ఒక యూనిట్ అంటే ఒక సెంటీమీటర్, యూనిటీలో ఒక మీటర్; త్రీడీ సాఫ్ట్‌వేర్లలో బ్లెండర్‌లో మామూలుగా మీటర్, మాయాలో సెంటీమీటర్. ఇది చూసుకోకపోతే ఇంజన్‌లోకి వెళ్లిన మంచం అగ్గిపెట్టెంత అయినా అవుతుంది, అపార్ట్‌మెంటంత అయినా అవుతుంది. నిలువు దిశ కూడా అంతే: బ్లెండర్, అన్‌రియల్‌లో పైకి చూసేది జెడ్ అక్షం, యూనిటీ, మాయాల్లో వై. బ్లెండర్ నుంచి యూనిటీకి వెళ్లిన వస్తువు తిరుగుడు గడిలో మైనస్ 90 కనిపిస్తే కారణం అదే.

మోడల్ చేసేటప్పుడు సీన్‌లో 180 సెంటీమీటర్ల మనిషి బొమ్మ ఒకటి ఎప్పుడూ నిలబెట్టి ఉంచండి. బ్లెండర్‌లో ఆబ్జెక్ట్ మోడ్‌లో సాగదీసిన వస్తువుకి కంట్రోల్-ఏ నొక్కి స్కేల్ అప్లై చేయడం మర్చిపోతే బెవెల్ (చెక్కినట్టున్న అంచు) ఒక వైపు లావుగా, ఇంకో వైపు సన్నగా వస్తుంది. యూవీ (మోడల్ పైభాగాన్ని విప్పి చదునుగా పరిచిన పటం) కూడా సాగిపోతుంది. ఫస్టియర్‌లో "బెవెల్ పాడైంది" అని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి మందు ఈ ఒక్క కమాండే.

ట్రయాంగిల్స్ ఎక్కడ ఖర్చు పెట్టాలి

తాళ్లన్నీ నిజంగా మోడల్ చేద్దామనే ఆశ మొదట అందరికీ పుడుతుంది. లెక్క వేసి చూద్దాం. అటు 50 తాళ్లు, ఇటు 50. ఒక్కో తాడు ఆరు పలకల గొట్టం, పొడవునా 40 ముక్కలు. ఒక తాడుకి 6 × 2 × 40, అంటే 480 ట్రయాంగిల్స్. వంద తాళ్లకి 48,000. ఒక మూల పడుండే మంచానికి! అదే అల్లికని మధ్యలో కాస్త కుంగిన ఒక పలచటి ఉపరితలంగా, 8 × 12 గడులతో చేస్తే 192 ట్రయాంగిల్స్. తాళ్ల మెలికలు, ఎత్తుపల్లాలు నార్మల్ మ్యాప్ (వెలుతురు ఎలా పడాలో చెప్పే చిత్రం) చూసుకుంటుంది. కుంగు మాత్రం జామెట్రీలోనే ఉండాలి. ఎందుకంటే నార్మల్ మ్యాప్ వెలుతురుని మోసం చేయగలదు గానీ అంచు గీతని మార్చలేదు. పక్కనుంచి చూస్తే పలక పలకగానే కనిపిస్తుంది.

ఇక కోళ్లు. కడెం పట్టిన (గుండ్రంగా తిప్పి చెక్కిన) కోడుకి చుట్టూ 16 పలకలు, ఎత్తునా 12 వరసలు ఇస్తే 384 ట్రయాంగిల్స్, నాలుగింటికి 1,536. పట్టెలు ఎనిమిది పలకలు, నాలుగు ముక్కలు అనుకుంటే నాలుగింటికీ కలిపి 256. అల్లికతో సహా మంచం మొత్తం దాదాపు 2,000. వరసలన్నీ సమాన దూరంలో పెట్టడం కొత్తవాళ్ల అలవాటు. అది వృథా. కోడు ఎక్కడ ఉబ్బుతుందో, ఎక్కడ సన్నబడుతుందో అక్కడ వరసలు దగ్గరగా ఉండాలి. తిన్నగా ఉన్న చోట ఒక్కటీ అక్కర్లేదు. ఆ వరస తీసేస్తే దూరం నుంచి ఆకారం మారుతుందా? మారకపోతే తీసేయండి. టోపాలజీ (పలకల అమరిక) గురించి ఎన్ని వీడియోలు చూసినా చివరికి మిగిలేది ఈ ప్రశ్నే. అన్నీ నాలుగు భుజాల పలకలే ఉండాలన్న పట్టింపు వంగే శరీరాలకి, సబ్‌డివిజన్‌కి (పలకల్ని ఇంకా చిన్నవి చేసి నున్నబరచడానికి) పనికొస్తుంది. కదలని మంచానికి మూడు భుజాల పలకలున్నా ఎవరూ కేసు పెట్టరు.

యూవీ: పిక్సెళ్ల పంపకం

యూవీ అంటే విసుగు అనేవాళ్లే ఎక్కువ. అది నిజానికి స్థలం పంచే పని, ఇంటి ప్లాన్ గీసినట్టు. ముందు టెక్సెల్ డెన్సిటీ నిర్ణయించుకోవాలి, అంటే ఒక మీటరుకి ఎన్ని పిక్సెళ్లు అని. 512 అనుకుందాం. అల్లిక 1.8 × 0.9 మీటర్లు కాబట్టి దానికి 922 × 461 పిక్సెళ్లు. పొడుగు పట్టె చుట్టుకొలత 20 సెంటీమీటర్లు అయితే 922 × 102. పొట్టి పట్టెకి 461 × 102. కోడు 45 సెంటీమీటర్ల ఎత్తు, 25 చుట్టుకొలత: 230 × 128. పొడుగు పట్టెలు రెండూ ఒకే యూవీ మీద, పొట్టివి రెండూ ఒకే దాని మీద, నాలుగు కోళ్లూ ఒకే చోట. పొట్టి పట్టె పక్కనే కోడు కూడా సర్దుకుంటుంది. మొత్తం ఎత్తు 700 పిక్సెళ్లు దాటదు. 1024 × 1024 టెక్స్చర్‌లో (మోడల్ మీద అంటించే చిత్రంలో) హాయిగా పట్టేస్తుంది, మధ్యలో ఎడం కూడా మిగులుతుంది.

ఆ ఎడం ఎందుకంటే, దూరం పెరిగే కొద్దీ ఇంజన్ టెక్స్చర్‌ని సగం, అందులో సగం చేసిన చిన్న కాపీల్ని వాడుతుంది. ముక్కల మధ్య 8 పిక్సెళ్ల ఎడం ఉంటే ఒకసారి తగ్గేసరికి 4, తర్వాత 2, తర్వాత 1. ఆపైన పక్క ముక్క రంగు ఇందులోకి కారుతుంది. దూరం నుంచి మోడల్ మీద సన్నటి తెల్ల గీతలు కనిపిస్తే ఎడం చాలలేదని అర్థం.

"4కె పెట్టేస్తే పోలా" అనే మాట ప్రతి బ్యాచ్‌లో వినిపిస్తుంది. 1024 టెక్స్చర్ కుదించకపోతే 4 మెగాబైట్లు, బీసీ7 పద్ధతిలో కుదిస్తే 1. 4కె అంటే 4096, దానికి 16 రెట్లు. చిన్న కాపీలతో కలిపి ఒక్కోటి 21 మెగాబైట్లు దాటుతుంది, రంగుకి ఒకటి, నార్మల్‌కి ఒకటి, మిగతావాటికి ఒకటి అంటే 64. ఒక మంచానికి! పైగా మీటరుకి 512 ఉన్న గదిలో ఒక్క మంచం మాత్రం 2,048 ఉంటే, అది ఆ గదిది కాదని చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది. అన్నీ ఒకే డెన్సిటీలో ఉంటే కాస్త మసకైనా గది కుదురుగా ఉంటుంది.

బేకింగ్, అంటే కన్నీళ్ల వారం

బేకింగ్ అంటే బోలెడు వివరాలున్న హైపాలీ మోడల్ నుంచి ఆ వివరాల్ని తక్కువ ట్రయాంగిల్స్ ఉన్న లోపాలీ మోడల్ టెక్స్చర్‌లోకి దింపడం. ఏడాదిలో ఎక్కువమంది చేతులెత్తేసేది ఇక్కడే. ఎత్తేయక్కర్లేదు. నార్మల్ మ్యాప్‌లో ఉండేది హైపాలీ బొమ్మ కాదు. లోపాలీ వెలుతురుకీ హైపాలీ వెలుతురుకీ మధ్య తేడా. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే తప్పులన్నీ వాటంతటవే విడిపోతాయి. తేడా లేని చోట రంగు 128, 128, 255, అదే ఆ లేత నీలి ఊదా.

పట్టె చివర 90 డిగ్రీల అంచుని స్మూత్‌గా (వెలుతురు రెండు పలకల మీద కలిసిపోయేలా) వదిలేస్తే లోపాలీ వెలుతురు వంకరగా పడుతుంది, ఆ వంకరంతా మ్యాప్ సరిచేయాలి. దాంతో చదునైన పలక మీద రంగు ఒక మూల నుంచి ఇంకో మూలకి జారుతూ కనిపిస్తుంది, కుదించాక అక్కడ చారలు పడతాయి. అలాంటి అంచుని హార్డ్ చేయాలి, అంటే వెలుతురు అక్కడ తెగిపోవాలి. హార్డ్ చేసిన ప్రతి చోటా యూవీని కూడా కోయాలి. కోయకపోతే అంచు వెంట నల్లటి గీత మిగులుతుంది. ఇది తిరగేస్తే వర్తించదు: యూవీ కోసిన ప్రతి చోటా హార్డ్ అంచు అక్కర్లేదు. కోడు నిలువు కోత స్మూత్‌గానే ఉండొచ్చు.

కోడు మీద కడెం గీతలు పక్కకి వాలినట్టు వస్తే, బేక్ కిరణాలు ఏటవాలుగా వెళ్లాయన్నమాట. ఆ చోట లోపాలీకి ఒక వరస కలపండి. పట్టె కోడులోకి దూరే చోట ఒకదాని నీడ ఇంకోదాని మీద ముద్ర పడితే రెండు మార్గాలు: ముక్కల్ని విడదీసి దూరంగా పెట్టి బేక్ చేయడం, లేదా సబ్‌స్టెన్స్ పెయింటర్ అనే టెక్స్చర్ల సాఫ్ట్‌వేర్‌లో పేర్లు చూసి జత కలపమని చెప్పడం. లోపాలీ ముక్క పేరు చివర _low, హైపాలీ చివర _high అని ఉంటే చాలు. స్పెల్లింగ్ ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ముక్క ఖాళీగా వస్తుంది. బేక్‌కి ముందే లోపాలీని ట్రయాంగిల్స్‌గా మార్చేయండి. లేకపోతే నాలుగు భుజాల పలకల్ని బేక్ చేసే సాఫ్ట్‌వేర్ ఒక మూలగా, ఇంజన్ ఇంకో మూలగా కోస్తుంది, మెరుపులో కత్తిరి గుర్తు కనిపిస్తుంది.

నాలుగు కోళ్లూ ఒకే యూవీ మీద ఉన్నాయి కదా, వాటిని అలాగే బేక్ చేస్తే ఒకదాని మీద ఒకటి రాసుకుని చెత్త అవుతుంది. మూడింటి యూవీల్ని సరిగ్గా ఒక యూనిట్ పక్కకి జరిపి బేక్ చేయాలి. టెక్స్చర్ తనంతట తాను మళ్లీ పరుచుకుంటుంది కాబట్టి చూపులో తేడా రాదు.

అన్నీ సరిగ్గా చేసినా ఇంజన్‌లో గుంటలు గడ్డల్లా, గడ్డలు గుంటల్లా కనిపిస్తే అది నార్మల్ మ్యాప్ ఆకుపచ్చ చానల్ సంగతి, రెండు పద్ధతుల్లో అది ఒకదానికొకటి తలకిందులు. అన్‌రియల్ డైరెక్ట్ఎక్స్ పద్ధతి వాడుతుంది, యూనిటీ, బ్లెండర్ ఓపెన్‌జీఎల్ పద్ధతి. అన్‌రియల్‌లో టెక్స్చర్ తెరిచి ఆకుపచ్చని తిరగేయమనే టిక్కు పెడితే సరిపోతుంది. దీన్ని కనిపెట్టలేక రాత్రంతా మళ్లీ బేక్ చేసేవాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు.

రంగు కంటే గరుకు

పెయింటర్‌లో స్మార్ట్ మెటీరియల్ (అరుగుదలతో సహా రెడీమేడ్‌గా వచ్చే పూత) లాగి పడేయడం రెండు నిమిషాల పని, చూసేవాళ్లు పట్టేయడం రెండు సెకన్ల పని. అంచులన్నీ సమానంగా అరిగి ఉంటాయి. నిజం మంచం అలా అరగదు. మనుషులు కూర్చునే పక్క పట్టె పైభాగం నున్నగా మెరుస్తుంది, కోళ్ల అడుగు నీళ్లు తగిలి నల్లబడుతుంది, లోపలి వైపు దుమ్ము తప్ప ఏ మార్పూ ఉండదు. ఈ తేడాలు రంగులో కంటే రఫ్‌నెస్ మ్యాప్‌లో (ఎక్కడ గరుకో, ఎక్కడ నునుపో చెప్పే చిత్రంలో) ఎక్కువ ఉండాలి.

మెటాలిక్ (లోహమా కాదా అని చెప్పే విలువ) దాదాపు ఎప్పుడూ 0 లేదా 1. చెక్క 0, నులక 0, మంచానికి ఇనప కమ్మీ ఉంటే అది 1, కమ్మీ మీది తుప్పు మళ్లీ 0. సగం సగం పెడితే ఏ లోకంలోనూ లేని పదార్థం వస్తుంది. బేస్ కలర్‌లో నీడలు గీయకండి, నీడ ఇంజన్ వేస్తుంది. 0 నుంచి 255 వరకు ఉండే రంగు కొలతలో బొగ్గుని కూడా సున్నా నలుపుకి దించకుండా 30 దగ్గర ఆపండి. తెలుపు 240 దాటొద్దు. రఫ్‌నెస్, మెటాలిక్, అక్లూజన్ (సందుల్లో వెలుతురు ఎంత తగ్గాలో చెప్పేది) మూడూ బూడిద చిత్రాలే కాబట్టి ఒకే టెక్స్చర్‌లో మూడు చానళ్లలో సర్దేస్తారు. అన్‌రియల్‌కి మామూలుగా ఎరుపులో అక్లూజన్, ఆకుపచ్చలో రఫ్‌నెస్, నీలంలో మెటాలిక్. ఇంపోర్ట్ చేశాక దాని ఎస్ఆర్‌జీబీ (రంగు చిత్రాలకి చేసే సవరణ) టిక్కు తీసేయాలి. మర్చిపోతే విలువలు తప్పి, చెక్క మీద నూనె రాసినట్టు మెరుస్తుంది.

కన్నాల కథ

అల్లిక మధ్య సందులు కనిపించాలంటే మాస్క్‌డ్ మెటీరియల్ (ప్రతి పిక్సెల్‌ని పూర్తిగా చూపించేది లేదా పూర్తిగా కోసేసేది) కావాలి. ట్రాన్స్‌లూసెంట్ (సగం పారదర్శకం) వాడకండి, వెనకా ముందూ వరస తప్పుతుంది. మాస్క్‌లో ఒక చిక్కు: దూరం వెళ్లే కొద్దీ చిన్న కాపీల్లో తాడూ సందూ కలిసిపోయి, అల్లిక మొత్తం మూసుకుపోతుంది లేదా మొత్తం మాయమవుతుంది. అన్‌రియల్‌లో కోత హద్దు మొదట 0.3333 ఉంటుంది, దాన్ని మార్చి చూడాలి. ఇంకోటి, పలక ఒకవైపే కనిపిస్తుంది. ఆటగాడు మంచం కింద దాక్కుని పైకి చూస్తే నులక ఉండదు, ఇంటి కప్పు కనిపిస్తుంది. రెండు వైపులా కనిపించే మెటీరియల్ పెట్టాలి.

ఫోన్ గేమ్ అయితే ఈ లెక్కంతా మారుతుంది. మొబైల్ గ్రాఫిక్స్ చిప్‌లు వెనక దాగిన పిక్సెళ్లని ముందే వదిలేసి సమయం మిగుల్చుకుంటాయి. మాస్క్ ఉన్న చోట ఆ మిగులు పోతుంది. మన దగ్గర ఎక్కువమంది ఆడేది ఫోన్లోనే. కాబట్టి ఫోన్‌కి సందుల్ని ముదురు గోధుమ రంగులో గీసేసి, అల్లికని మామూలు గట్టి పలకగా వదిలేయడమే తెలివి. "నానైట్ ఉంది కదా, ట్రయాంగిల్స్ లెక్క ఎందుకు" అని, లక్షల ట్రయాంగిల్స్‌ని తనే సర్దుకునే అన్‌రియల్ సౌకర్యాన్ని చూపించేవాళ్లకీ ఇదే జవాబు. ఆ సౌకర్యం మంచి పీసీకి, కన్సోల్‌కి.

ఒక మంచానికి ఒకటే మెటీరియల్ ఉండాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి. చెక్కకొకటి, నులకకొకటి, కమ్మీకొకటి పెడితే ఒక మంచానికి మూడు డ్రా కాల్స్ (గ్రాఫిక్స్ చిప్‌కి ఇచ్చే గీయమనే ఆదేశాలు), ఇరవై మంచాలకి అరవై. పివట్ (వస్తువుని పట్టుకుని జరిపే, తిప్పే బిందువు) నేల మీద, మధ్యలో ఉండాలి. ఢీకొట్టే హద్దుకి ఒక పెట్టె చాలు.

గీత

డ్రాయింగ్ క్లాసు ఎగ్గొట్టి త్రీడీ చేసేవాళ్లు ఆ నష్టం రెండో ఏడాది చూస్తారు. పెద్ద కళాఖండాలు అక్కర్లేదు. 30 సెకన్ల, ఒక నిమిషం, రెండు నిమిషాల మనుషుల గీతలు రోజుకి ఇరవై. బస్టాండ్ కంటే మంచి మోడల్ క్లాసు లేదు. ఎవరూ కదలకుండా నిలబడరు, అదే దాని గొప్ప. గుండ్రటి వస్తువు గీసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: దీర్ఘవృత్తం పొట్టి అక్షం ఆ వస్తువు ఇరుసు దిశలో ఉండాలి. బండి చక్రాలు పడిపోయేట్టు కనిపించడానికి నూటికి తొంభై సార్లు కారణం ఇది తప్పడమే.

స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్ చాలు. కొన్న రోజే దాని పనిచేసే చోటుని మీ స్క్రీన్ నిష్పత్తికి సరిచేయండి. 16:10 టాబ్లెట్‌ని 16:9 స్క్రీన్‌కి అలాగే వదిలేస్తే చెయ్యి గీసిన గుండ్రం స్క్రీన్ మీద కోడిగుడ్డవుతుంది, నెల్లాళ్లు మీ చేతినే తిట్టుకుంటారు. చవక గేమింగ్ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ర్యామ్‌తో పాటు స్క్రీన్ కూడా చూడండి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని రాసుంటే రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి; మీరు సరిచేసుకుంటూ వేసిన ఎరుపు వేరే స్క్రీన్ మీద మండిపోతుంది.

గుళ్లు, గోడలు, కిట్లు

రెండో సెమిస్టర్‌లో పరిసరాల అసైన్‌మెంట్ వస్తే అందరూ మధ్యయుగపు యూరప్ కోటో, నియాన్ వీధో ఎత్తుకుంటారు. పక్కనే కాకతీయుల పని ఉంది. వరంగల్ కోటలో తోరణాలు నాలుగు, నాలుగూ ఒకే రూపు: ఒకటి చేసి నాలుగు చోట్ల పెట్టొచ్చు. హనుమకొండ వేయి స్తంభాల గుడి, 1213 నాటి రామప్ప గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కినది, రెండింటిలోనూ పీఠం మీద అడ్డంగా సాగే పట్టీలు ట్రిమ్ షీట్ (చాలా చోట్ల మళ్లీ మళ్లీ వాడే పట్టీల టెక్స్చర్) కోసమే చెక్కినట్టుంటాయి. ఒక 2048 టెక్స్చర్‌లో ఆరేడు అడ్డ పట్టీలు పరిచి, దాన్నే గోడలకి, మెట్లకి, కప్పు అంచుకి చుట్టేయొచ్చు. కిట్ ముక్కల్ని (ఒకదానికొకటి అతికించి కట్టే గోడలు, మెట్లలాంటివి) 100 సెంటీమీటర్ల గుణిజాల్లో చేసి, పివట్ మూలలో పెడితే అవి ఇటుకల్లా అతుక్కుంటాయి. ఒక గోడ 397 ఉంటే ఎనిమిదో గోడకి 24 సెంటీమీటర్ల సందు పడుతుంది.

ఫొటోలకి మబ్బు పట్టిన రోజు వెళ్లండి, ఎండ నీడలు టెక్స్చర్‌లోకి వచ్చేస్తే తీయడం కష్టం. కొలత కోసం రాయి పక్కన పది రూపాయల బిళ్ల పెట్టండి, దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. పురావస్తు శాఖ కాపాడే చోట ట్రైపాడ్‌కి అనుమతి కావాలి, చేత్తోనే తీయండి.

ఫైళ్లు, పోర్ట్‌ఫోలియో

అన్‌రియల్ ప్రాజెక్ట్ సబ్మిట్ చేసేటప్పుడు ఇంటర్మీడియట్, సేవ్డ్, డెరైవ్డ్ డేటా క్యాష్ ఫోల్డర్లు తీసేస్తే గిగాబైట్లు తగ్గుతాయి. గిట్‌హబ్ 100 మెగాబైట్లు దాటిన ఫైలుని తోసేస్తుంది కాబట్టి ఎల్ఎఫ్ఎస్ (పెద్ద ఫైళ్లని విడిగా దాచే పద్ధతి) మొదటి రోజే పెట్టుకోవాలి. "ఫైనల్, ఫైనల్2, నిజం ఫైనల్" అనే పేర్లు మానేసి 001, 002 అని అంకెలు వేయండి.

మన దేశంలో గేమ్ ఆర్ట్ పనిలో పెద్ద భాగం బయటి స్టూడియోల కోసం చేసేదే. 1997లో బెంగళూరులో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ కాలం నుంచీ ఆ దారి ఉంది. అలాంటి పనిలో పైనుంచి ఒక కాగితం వస్తుంది: ఇన్ని ట్రయాంగిల్స్, ఇంత టెక్స్చర్, ఇన్ని మెటీరియల్స్, ఈ పేర్లు. కాబట్టి పోర్ట్‌ఫోలియోలో ముస్తాబు చిత్రం ఒక్కటే పెట్టకండి. వైర్‌ఫ్రేమ్ (పలకల గీతలు కనిపించే చిత్రం), విప్పిన యూవీ, టెక్స్చర్ షీట్లు, ట్రయాంగిల్స్ అంకె, ఇంజన్ లోపలి స్క్రీన్‌షాట్ పక్కపక్కన ఉంచండి. పది అరకొర వస్తువుల కంటే లెక్క తేలిన మూడు మేలు.

సెలవుల్లో చేయడానికి ఒక పని: ఊళ్లో ఎవరింట్లోనైనా పాత మంచం దొరికితే టేపు పట్టుకుని వెళ్లండి. అల్లిక అటు నుంచి ఇటు నిండా ఉండదు. కాళ్ల వైపు పట్టెకి, అల్లికకి మధ్య జానెడు ఖాళీ వదిలి, తాడుతో లాగి బిగిస్తారు. నులక వదులైనప్పుడల్లా అక్కడే మళ్లీ బిగించేది. పైన వేసిన లెక్కలో అల్లికకి 1.8 మీటర్లు పూర్తిగా ఇచ్చేశాను, ఆ జానెడు తగ్గించలేదు. కొలిచి చూసి యూవీ సరిచేసుకోండి.